బీమా పుట్టుపూర్వోత్తరాలు - మనకు కావలసిన పాలసీ

బీమా అనే మాట మనకు కొత్తది కాదు. పారశీక భాషలో 'బీమ్' అంటే భయం. ఆ భయంలో నుండి పుట్టిన మాటే బీమా. ఇంగ్లీషువారి బీమా కంపెనీలు మన దేశంలో వెలియడానికి నూరేళ్ళకు పైగా ముందే, ఔరంగజేబు కాలంలో, బటాలా వాసి సుజన్ రాయ్ తన 'ఖులాసతుత్తవారీఖ్' అనే పారశీక గ్రంథంలో (1695-96) ఈ ఏర్పాటును వర్ణించాడు. దారి దోపిడీల భయమున్న చోట షరాబులు కొంత రుసుము పుచ్చుకొని వర్తకుల సరుకు క్షేమంగా గమ్యం చేరుతుందని పూచీ పడేవారు. దానినే బీమా అనేవారు.

మన వైపు చూస్తే, గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి పర్షియాకు, ఎర్రసముద్రపు రేవులకు ఓడలు నడిచేవి. సముద్రం మీద వ్యాపారం చేసేవాడికి భయం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఆ రోజుల్లో ఎక్కడైనా పూచీ అంటే సరుకుకే గాని, సరుకు వెంట వెళ్ళే మనిషికి కాదు. మనిషి పోతే అతని భార్యాబిడ్డలను అన్నదమ్ములు చూడాలి, లేదా మొహల్లావాళ్ళు చూడాలి. ఎవరూ చూడకపోతే ఆ బేవా, ఆ యతీములు ఏమయ్యారో చరిత్రలో ఎవరూ రాయలేదు.

మన సొసైటీ సభ్యుల్లో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ పాలసీ మంచిది?" ఈ ప్రశ్నకు జవాబు ఏజెంటు చెబుతాడు, బ్యాంకులో గుమాస్తా చెబుతాడు, బావమరిది కూడా చెబుతాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. అసలు అడగవలసింది "ఏ నష్టానికి, ఎవరి కోసం?" అని. ఒక్కొక్క రకం బీమా ఒక్కొక్క నష్టాన్ని పూడ్చడానికి పుట్టింది. ఏది దేనికోసం పుట్టిందో తెలిస్తే, మన ఇంటికి ఏది కావాలో తెలుసుకోవడం అంత కష్టం కాదు. అందుకే ఈ కాస్త చరిత్ర.

మనిషి ప్రాణానికి బీమా అనే ఆలోచన ఒక పద్ధతిలో పడింది బ్రిటన్‌లో. 1706లో లండన్‌లో 'అమికబుల్ సొసైటీ' అని ఒకటి పెట్టారు. చిన్నవాడైనా పెద్దవాడైనా ఏటా ఒకే చందా. ఆ ఏడు చనిపోయినవారి కుటుంబాలకు ఆ ఏటి సొమ్ము పంచిపెట్టేవారు. ఎక్కువమంది పోతే ఒక్కొక్కరికి తక్కువ, తక్కువమంది పోతే ఎక్కువ. ఎంత వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.

తరువాత స్కాట్లండులో ఇద్దరు చర్చి పాస్టర్లు, రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనేవారు, తమ తోటి పాస్టర్లు చనిపోతే వారి వితంతువులు వీధిన పడుతున్నారని చూసి లెక్కలు కట్టారు. ఏటా సగటున ఎందరు చనిపోతారు, ఎందరు భార్యలు, ఎందరు బిడ్డలు మిగులుతారు, వారికి ఇంత ఇవ్వాలంటే బతికున్నవారు ఎంతెంత కట్టాలి అని. 1744లో ఆ ఫండు చట్టబద్ధమైంది. ఇరవై ఏళ్ళ తరువాత చూసుకుంటే నిధి వారు అంచనా కట్టినంతే, దాదాపు అక్షరాలా, జమ అయి ఉంది. జీవిత బీమాకు పునాదిరాయి ఇదేనని చెప్పవచ్చు. గమనించండి: అది మొదలైంది వితంతువు అన్నం కోసం. ఇరవై ఏళ్ళకు బోనసుతో డబ్బు తిరిగి వస్తుందని కాదు.

1762లో లండన్‌లో ఈక్విటబుల్ సొసైటీ వయసును బట్టి, మరణాల పట్టికను బట్టి ప్రీమియం కట్టించుకోవడం, ఆ ప్రీమియం ఏళ్ళు గడిచినా పెరగకుండా ఒకే తీరుగా ఉంచడం మొదలుపెట్టింది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ కాలంలోనే ఇంకో వికారం కూడా బయలుదేరింది. ఎవడో ముసలి ప్రభువు జబ్బుపడితే, అతనితో ఏ సంబంధమూ లేనివాళ్ళు అతని ప్రాణం మీద పాలసీలు తీసుకొని పందెం కాసినట్టు కాచుకొని కూర్చునేవారు. 1774లో బ్రిటిష్ పార్లమెంటు దీన్ని నిషేధించింది. ఒకరి మరణం వలన నీకు నిజంగా నష్టం ఉంటేనే ఆ ప్రాణానికి బీమా చేయవచ్చు, లేకపోతే అది జూదం అని చట్టం తేల్చింది.

ఈ సూత్రం ఈనాటికీ మనకు పనికొస్తుంది. ఇంట్లో ఎవరు పోతే పొయ్యి ఆరిపోతుందో వారికి ముందు బీమా ఉండాలి. మన ఇళ్ళల్లో తరచు జరిగేది తలకిందులు. పుట్టిన ఆరు నెలలకే బాబు పేరు మీద పాలసీ, పాప పెళ్ళికని ఇంకో పాలసీ. సంపాదించే తండ్రి పేరు మీద మాత్రం ఏమీ ఉండదు, ఉన్నా లక్ష రూపాయలు. బిడ్డ మీద ప్రేమ ఉండవలసిందే. కాని ఆ బిడ్డకు ఉన్న పెద్ద ప్రమాదం తండ్రి లేకుండా పోవడం గదా!

మన దేశంలో మొదటి జీవిత బీమా కంపెనీ 1818లో కలకత్తాలో వచ్చిన ఓరియంటల్ లైఫ్. అది దొరల కోసం దొరలు పెట్టుకున్నది. హిందూదేశస్థులకు ఆ రోజుల్లో పాలసీలు ఇచ్చేవారు కాదు. బాబు మతిలాల్ సీల్ వంటి ప్రముఖుల కృషి వలన తరువాత ఇవ్వడం మొదలుపెట్టినా, మనవాళ్ళ ప్రాణాలు నాసిరకం ప్రాణాలని చెప్పి అదనపు ప్రీమియం వసూలు చేసేవారు. 1870లో ఏర్పడిన బొంబాయి మ్యూచువల్ మొట్టమొదట భారతీయులకు మామూలు రేట్లకే పాలసీలు ఇచ్చింది. 1874లో బొంబాయిలోనే ఓరియంటల్ గవర్నమెంట్ సెక్యూరిటీ వచ్చింది. వందేమాతరం ఉద్యమం నాటి స్వదేశీ ఊపులో 1906లో మద్రాసులో యునైటెడ్ ఇండియా, కలకత్తాలో నేషనల్, 1907లో హిందూస్తాన్ కోఆపరేటివ్ పుట్టాయి. మన ఆంధ్రదేశంలో డాక్టర్ పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1935లో హిందూస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్సు స్థాపించారు. ఒకనాడు ఓడల రేవుగా పేరుపడిన ఊరే బీమాకు కూడా మనకు ఆదిపీఠమైంది.

కాని ఆ స్వదేశీ రోజుల్లోనే ఊరూరా 'ప్రావిడెంట్ సొసైటీలు' పుట్టగొడుగుల్లా లేచాయి. అవి చాలావరకు పాత అమికబుల్ పద్ధతివే: అందరూ చందా వేయడం, చనిపోయినవారికి లేదా బిడ్డ పెళ్ళి అయినవారికి పంచుకోవడం. మొదట చేరినవారు లాభపడ్డారు, తరువాత చేరినవారు మునిగారు. 1912లో వీటి కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. 1938 బీమా చట్టం 52వ సెక్షను ఈ పంపకం పద్ధతినే నిషేధించింది.

ఈ విషయం మన సొసైటీకి సంబంధించినదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. "మనమే తలా వంద వేసుకొని, ఎవరైనా పోతే ఆ కుటుంబానికి ఇద్దాం, బయటి బీమా ఎందుకు?" అనేవారున్నారు. మరణించిన వారి ఇంటికి తక్షణ సహాయం కింద పదివేలో ఇరవైవేలో ఇవ్వడం మంచిదే, అది బైతుల్‌మాల్ పని. అది బీమా మాత్రం కాదు. ఎందుకంటే మనమంతా ఒకే ఊరివాళ్ళం, చాలామందిమి ఒకే వాడవాళ్ళం. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీద విరుచుకుపడిన ఉప్పెనలో ముప్పైవేల మంది దాకా పోయారని లెక్క. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు వేల ప్రాణాలు కొట్టుకుపోయాయి. అటువంటి రోజున ఒకే వాడ సొసైటీలో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకొనేవాళ్ళూ ఒక్కసారే మునుగుతారు. లక్షలమంది, వందల ఊళ్ళు కలిసిన చోటనే నష్టం పలచబడుతుంది. బీమాలో ఉన్న కిటుకు అంతా ఇదే.

ఇక హైదరాబాదు సంస్థానం సంగతి. 1907లో, మీర్ మహబూబ్ అలీఖాన్ హయాములో, సర్కారు ఉద్యోగుల కోసం ఫ్యామిలీ పెన్షన్ ఫండు పెట్టారు. తరువాత అదే స్టేట్ లైఫ్ ఇన్సూరెన్సు ఫండు అయింది. జీతంలో నుండి నెలనెలా తప్పనిసరిగా కోత, ఉద్యోగి పోతే కుటుంబానికి సొమ్ము. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఇదే ఏపీజీఎల్ఐ అయింది. 2014 తరువాత రెండు రాష్ట్రాలకు రెండు శాఖలుగా నడుస్తున్నది. 1956లో దేశంలోని జీవిత బీమా వ్యాపారమంతా ఒక గొడుగు కిందికి వచ్చినా, ప్రభుత్వాలు తమ ఉద్యోగుల జీతాల కోతతో నడిపే ఇటువంటి పథకాలను చట్టం 44వ సెక్షను విడిచిపెట్టింది. మన ఇళ్ళల్లో టీచర్లు, గుమాస్తాలు, పోలీసు ఉద్యోగులు ఉన్నారు. వారికి ఈ పాలసీ ఉంటుంది. ఆ బాండు ఇనప్పెట్టెలో ఉందో, ఆఫీసులోనే ఉండిపోయిందో, దాంట్లో నామినీగా పెళ్ళికి ముందు రాసిన తల్లి పేరే ఉందో ఒకసారి తీసి చూసుకోండి.

1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో జీవిత బీమాను తన చేతిలోకి తీసుకుంది. అంతకుముందు ఏడాది దాల్మియా వారి భారత్ ఇన్సూరెన్సు కంపెనీలో పాలసీదార్ల సొమ్ము దారి మళ్ళిన సంగతిని ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో బయటపెట్టడం దీనికి ఒక కారణం. 154 దేశీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, అన్నీ కలిపి 245 సంస్థలు ఒక్కటయ్యాయి. సెప్టెంబరు 1న ఎల్ఐసీ మొదలైంది. పాలసీ సొమ్ముకు ప్రభుత్వమే హామీ అని చట్టంలో రాశారు. మన పెద్దలకు ఎల్ఐసీ మీద ఉన్న నమ్మకానికి మూలం అదే, ఆ నమ్మకం తప్పు కాదు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు మళ్ళీ తలుపు తెరిచారు. వాటిని అదుపు చేసే ఐఆర్‌డీఏ 2001 నుండి హైదరాబాదులోనే ఉంది.

కంపెనీ ఏదైనా, మనిషి ఎన్నుకోవలసింది ముందు రకాన్ని. ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటున్నారు. జీవిత బీమాలో మూలంగా రెండే ఉన్నాయి. ఒకటి, ఫలానా ఏళ్ళలోపు మనిషి పోతే సొమ్ము ఇస్తారు, బతికి ఉంటే ఏమీ రాదు. దీన్ని టర్మ్ పాలసీ అంటారు. రెండోది ఎండోమెంటు: పోయినా ఇస్తారు, గడువుదాకా బతికినా ఇస్తారు. అంటే దీంట్లో బీమా కొంచెం, పొదుపు ఎక్కువ. మనీబ్యాక్ అయినా, పిల్లల పాలసీ అయినా, యూలిప్ అయినా ఈ రెండోదానికి తమ్ముళ్ళే. యూలిప్‌లో పొదుపు షేర్ల మార్కెట్టులో పెడతారు, లాభనష్టాలు మనవి.

లెక్క చూడండి. ఇరవై ఏళ్ళకు అయిదు లక్షల ఎండోమెంటు అంటే, బతికున్నా అయిదు లక్షలు ఇవ్వాలి గనుక, ఏటా సుమారు పాతికవేలు కట్టించుకోకుండా ఎవరూ ఇవ్వలేరు. టర్మ్ పాలసీకి ఆ అవసరం లేదు. ఊహకు ఒక లెక్క చెబుతాను: ముప్పై ఏళ్ళ వయసువారు వెయ్యిమంది చేరితే, అందులో ఆ ఏడు ఇద్దరు పోతారనుకుందాం. ఇద్దరి ఇళ్ళకు చెరి అయిదు లక్షలు ఇవ్వాలంటే వెయ్యిమందీ తలా వెయ్యి రూపాయలు వేస్తే సరిపోయింది, కంపెనీ ఖర్చులు వేరు. అందుకే అదే ప్రీమియానికి టర్మ్‌లో ఎన్నో రెట్ల బీమా దొరుకుతుంది.

మరి టర్మ్ పాలసీ సంగతి మనకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఏజెంటు చెడ్డవాడని కాదు. అతని కూలి ప్రీమియంలో వంతు. 1950 సవరణ నుండి 2015 దాకా జీవిత బీమాలో మొదటి ఏటి ప్రీమియం మీద నూటికి 35 రూపాయల దాకా కమిషను ఇవ్వవచ్చునని చట్టమే చెప్పింది. పాతికవేల ప్రీమియం మీద వచ్చేదీ, రెండు మూడువేల ప్రీమియం మీద వచ్చేదీ ఒకటి ఎలా అవుతుంది? దానికి తోడు మనకూ ఒక మనస్తత్వం ఉంది: "కట్టిన డబ్బు తిరిగి రాకపోతే ఎలా?" అని. ఇంటికి తాళం కొన్నందుకు దొంగ రాలేదని ఎవరైనా బాధపడతారా?

ఎంత బీమా కావాలి అన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఒక దర్జీ సోదరుడి ఇంటి ఖర్చు నెలకు ఇరవైవేలు అనుకుందాం. చిన్న బిడ్డకు ఆరేళ్ళు. ఆ బిడ్డకు ఇరవై రెండేళ్ళు వచ్చి తన కాళ్ళ మీద నిలబడడానికి ఇంకా పదహారేళ్ళు. ఏడాదికి 2 లక్షల 40 వేల చొప్పున 38 లక్షల 40 వేలు. దీనికి అప్పు, తీర్చవలసిన మెహర్ కలపండి. చేతిలో ఉన్నది తీసివేయండి. ధరలు పెరుగుతాయి గనుక కొంత పైకి చూసుకోండి. ఇంచుమించు నలభై లక్షలు. ఇదే సోదరుడి వద్ద అయిదు లక్షల ఎండోమెంటు ఒక్కటే ఉంటే, అతను పోయిన తరువాత ఆ ఇల్లు నడిచేది సరిగ్గా పాతిక నెలలు. మరి పెళ్ళికాని కుర్రవాడికి, ఎవరూ ఆధారపడి లేకపోతే, ఇంత అవసరం లేదు. పిల్లలు స్థిరపడిన అరవై ఏళ్ళ పెద్దమనిషికీ అంత అవసరం ఉండదు. ఆయనకు కావలసింది ఆసుపత్రి బీమా.

ఎండోమెంటు పనికిరాదని అనడం లేదు. చేతిలో డబ్బు నిలవనివారికి అది బలవంతపు పొదుపు. కాని మధ్యలో ఆపితే నష్టం దారుణం. 1938 చట్టం ప్రకారం మూడేళ్ళు కడితేనే సరెండరు విలువ వచ్చేది. రెండేళ్ళు కట్టి ఆపినవాడికి సున్న. 2024 అక్టోబరు 1 నుండి కొత్త పాలసీలకు నియమాలు మార్చారు, ఒక ఏడాది కట్టినా కొంత వస్తుంది. కొంతే. రంజాను నెలలో వ్యాపారం బాగున్నప్పుడు పెద్ద ప్రీమియం ఒప్పుకొని, వానాకాలంలో కట్టలేక వదిలేసినవారు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు.

ప్రమాద బీమా రైళ్ళతో పుట్టింది. ఇంగ్లండులో 1849లో రైల్వే ప్యాసెంజర్స్ అనే కంపెనీ టిక్కెట్టుతో పాటే దీన్ని అమ్మేది. ఇది చావుకే కాదు, చేయి కాలు పోయినా, చూపు పోయినా ఇస్తుంది. ఆటో నడిపేవారికి, తాపీ మేస్త్రీలకు, వెల్డింగు చేసేవారికి, కరెంటు పనివారికి ఇది తప్పదు, చవక కూడా. 2015లో కేంద్రం పెట్టిన రెండు పథకాల్లో సురక్షా బీమా ప్రమాదాలకే, ఏడాదికి 20 రూపాయలు; జీవన్ జ్యోతి ఏ కారణంతో పోయినా రెండు లక్షలు ఇస్తుంది, ఏడాదికి 436 రూపాయలు. రెండూ బ్యాంకు లేక పోస్టాఫీసు ఖాతా ద్వారానే. గల్ఫుకు వెళ్ళే మనవాళ్ళకు ఒక మాట. ఎమిగ్రేషన్ క్లియరెన్సు మీద వెళ్ళేవారికి 2003లో వచ్చిన ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. 2017 నుండి అది పది లక్షలు. కాని అది ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఎండలో పనిచేసి, గదిలో నిద్రలోనే గుండె ఆగి పోయినవాడి కుటుంబానికి ఆ పది లక్షలు రావు. కడపలో, కరీంనగర్‌లో, నిజామాబాదులో ఎన్ని ఇళ్ళకు ఇటువంటి కబురు వచ్చిందో మీకు తెలుసు. వెళ్ళేముందే ఇక్కడ ఒక టర్మ్ పాలసీ తీసుకొని వెళ్ళాలి.

ఆసుపత్రి బీమా మన దేశంలో సామాన్యులకు అందింది 1986లో, ప్రభుత్వ కంపెనీల 'మెడిక్లెయిమ్' తో. పేదవారికి 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. ఆరోగ్యశ్రీ కార్డు లేని మధ్యతరగతివారు సొంత పాలసీ తీసుకోవాలి, అదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే. షుగరు, బీపీ వంటివి ముందే ఉంటే వాటి వైద్యానికి మూడేళ్ళదాకా ఆగమంటారు. 2024కు ముందు నాలుగేళ్ళు ఉండేది.

జబ్బు దాచవద్దు. "రాయకండి, నేను చూసుకుంటాను" అని ఎవరైనా అంటే ఆ ఫారం అక్కడే చించేయండి. ఫారం మీద సంతకం మీది. క్లెయిము కోసం తిరిగేది మీ భార్య. 1938 చట్టం 45వ సెక్షను, రెండేళ్ళు దాటిన జీవిత బీమా పాలసీని మోసం రుజువైతే తప్ప కాదనకూడదని చెప్పింది. 2015లో దాన్ని మూడేళ్ళు చేసి, ఆ తరువాత ఏ కారణంతోనూ కాదనకూడదన్నారు. అంటే మొదటి మూడేళ్ళలో పోయినవాడి ఫారం ప్రతి అక్షరం చూస్తారన్నమాట. పాలసీ చేతికి వచ్చిన ముప్పై రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపే హక్కు కూడా ఉంది.

బీమా ధర్మసమ్మతమేనా అనే ప్రశ్న మనలో ఎప్పుడూ ఉన్నదే. డమాస్కసుకు చెందిన ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836) ఓడల బీమా గురించి ఆనాడే చర్చించాడు. 1985 డిసెంబరులో జెద్దాలోని ఫిఖ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను కాదని, పరస్పర సహకార బీమాను సమ్మతించింది. ఆ పద్ధతినే తకాఫుల్ అంటారు. సూడానులో 1979లో, మలేషియాలో 1984 చట్టంతో మొదలైంది. మన దేశంలో ఇంకా రాలేదు. ఇక్కడి పరిస్థితుల్లో అవసరాన్ని బట్టి అనుమతించిన పండితులూ ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారు. ఎవరికి వారు తమ ఆలింను అడిగి నిర్ణయించుకోవలసిన విషయం ఇది. ఈ వ్యాసం తీర్పు చెప్పదు.

చివరిగా, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వచ్చిన సొమ్ము ఎవరి చేతికి వెళుతుంది?

చాలామంది నామినీ అంటే యజమాని అనుకుంటారు. 1938 చట్టం 39వ సెక్షను కింద నామినీ సొమ్ము పుచ్చుకొనే మనిషి మాత్రమేనని, సొమ్ము వారసులందరిదీ అని 1983లో సుప్రీంకోర్టు సర్బతీ దేవి కేసులో తేల్చింది. 2015లో చట్టం మార్చి తల్లిదండ్రులను, భార్య లేక భర్తను, పిల్లలను నామినీగా రాస్తే సొమ్ము వారికే చెందుతుందన్నారు. అయినా కోర్టుల్లో వాదాలు ఆగలేదు.

మన వారసత్వ నియమం ప్రకారం ఒక లెక్క చూద్దాం. ఒక సోదరుడు చనిపోయాడు. అప్పులు, మెహర్ తీర్చిన తరువాత 24 లక్షలు మిగిలింది. భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. తండ్రి ముందే పోయాడు. భార్యకు ఎనిమిదో వంతు, 3 లక్షలు. తల్లికి ఆరో వంతు, 4 లక్షలు. మిగిలిన 17 లక్షల్లో కొడుకుకు రెండు వంతులు, కూతురుకు ఒక వంతు. ఇది దైవ నియమం, దీనిపై మాట లేదు. కాని పిల్లలు మైనర్లయితే వారి ఆస్తికి తల్లి దానంతట అదే సంరక్షకురాలు కాదు, కోర్టుకు వెళ్ళాలి. ఈలోగా అప్పులవాళ్ళు వస్తారు. 'అన్న నాకు బాకీ' అనే తమ్ముడు వస్తాడు. చేతికి రొక్కం రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది.

దీనికి చట్టంలో పాత దారి ఒకటి ఉంది. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 6వ సెక్షను. భర్త తన ప్రాణం మీద తీసుకున్న పాలసీని భార్య కోసం, లేదా భార్యాబిడ్డల కోసం అని పాలసీలోనే రాయిస్తే అది వారి కోసం ట్రస్టు అవుతుంది. భర్త ఆస్తిలో చేరదు, అతని అప్పులకు జప్తు కాదు. అప్పులవాళ్ళను మోసం చేయడానికే తీసుకున్నాడని రుజువైతే మాత్రం, ఆ పాలసీ సొమ్ము మీద వారికి దావా ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఈ చట్టం మొదట హిందువులకు, ముస్లింలకు వర్తించదని దానిలోనే రాసి ఉంది. 1923 సవరణతో ఈ సెక్షను మనకూ వర్తించింది. మద్రాసు రాష్ట్రంలో మాత్రం 1913 డిసెంబరు 31 తరువాతి పాలసీలన్నిటికీ చెల్లుతుందన్నారు. అంటే గుంటూరు, కర్నూలు, కడప ముస్లింలకు 1914 నుండే ఈ రక్షణ ఉంది. నిజాం ప్రాంతానికి ఈ చట్టం వచ్చింది 1959లో. 1956లో ఒకే రాష్ట్రమైన తరువాత కూడా మూడేళ్ళపాటు విజయవాడ బేవాకు ఒక చట్టం, వరంగల్ బేవాకు ఇంకొకటి.

ఇంత పాత హక్కును మనలో వాడుకున్నవారు ఎందరు? దీనికి వేరే ఫీజు లేదు. ప్రపోజల్ ఫారంతో పాటు ఒక అదనపు కాగితం నింపాలి, అంతే. కాని అది పాలసీ తీసుకొనేటప్పుడే చేయాలి. ఇదివరకు తీసుకున్న పాలసీని దీని కిందికి మార్చరు. ఒకసారి రాసిన తరువాత భర్త దాని మీద అప్పు తీసుకోలేడు, సరెండరు చేసుకోలేడు. కనుక పొదుపు పాలసీకి ఇది పెట్టుకుంటే ఇబ్బంది పడతారు. టర్మ్ పాలసీకైతే పోయేది ఏమీ లేదు. ఇంకొకటి: ఇందులో భార్య, పిల్లలు తప్ప తల్లి ఉండదు. మీ మీద ఆధారపడిన అమ్మ ఉంటే ఆమెను నామినీగా రాసి, విడిగా ఇంకో చిన్న పాలసీ తీసుకోండి. రెండు కాగితాల నకళ్ళు ఇంట్లో ఆడవాళ్ళకు చూపించి, ఎక్కడ పెట్టారో చెప్పి ఉంచండి.